రోగం వచ్చిన యేడు జపాన్ల ఆటలు, పండుగలు

ఈసారి గోడపత్రికకు నేను జపాన్ గురించి రాస్తున్నాను. జపాన్ అనేది మనకు తూర్పు దిక్కున సముద్రంలో ఉన్న ద్వీపాల దేశం. అక్కడ భూకంపాలు, అగ్నిపర్వతాలు ఎక్కువ అని మనం చదువుకున్నాం. కానీ 2020, 2021 సంవత్సరాలలో కరోనా వచ్చినప్పుడు అక్కడి ఆటలు, పండుగలు ఏమైనవో తెలుసుకుంటే మన సంగతే విన్నట్టు అనిపించింది.

ముందుగాల పండుగ. మన సిద్దిపేట దిక్కు పోచమ్మకు బోనాలు తీస్తరు కదా. సికింద్రాబాద్ బోనాల గురించి పెద్దలు చెప్పే కథ ఇది. 1813 లో పట్నంల పెద్ద రోగం వచ్చి మస్తు మంది చనిపోయిండ్రట. ఉజ్జయినిలో ఉన్న మన సిపాయిలు రోగం తగ్గాలని మహంకాళికి మొక్కుకున్నరు, తిరిగి వచ్చినంక సికింద్రాబాద్ లో అమ్మవారిని నిలబెట్టిండ్రు. జపాన్ లో క్యోటో అనే పాత నగరం ఉంది. అక్కడ 869 వ సంవత్సరంలో రోగాలు పోవాలని 66 పొడుగు ఈటెలు నిలబెట్టి పూజ చేసిండ్రు. దాన్నే గియోన్ పండుగ అంటరు. ప్రతి జూలైలో ఇంత ఎత్తు రథాలను తాళ్ళతో గుంజుతరు. 2020, 2021 లో రథాల ఊరేగింపు లేదు, గుడిలో పూజ మాత్రం చేసిండ్రు. మన దగ్గర గూడ 2020 లో ఎవరింట్ల వాళ్ళే బోనం చేసుకోండి అని సర్కారు చెప్పింది. రోగం పోవాలని పుట్టిన పండుగనే రోగం వచ్చి ఇంట్ల కూసోబెట్టింది! 2022 లో క్యోటో రథాలు మళ్ళ కదిలినయి.

జపాన్ వాళ్ళకు పూల పండుగ గూడ ఉంది. ఎండకాలం ముందు చెర్రీ చెట్లు పూస్తే చెట్ల కింద చాపలు పరుచుకొని తిని, పాడి వస్తరు. 2020 లో అట్ల కూసోవద్దు అన్నరు. సకురా అనే ఊర్లో అయితే ట్యులిప్ పూల తోట చూడడానికి జనం ఆగకుండ వస్తున్నరని ఎనిమిది లక్షలకు పైగా పూలు మిషన్ తో కోసేసిండ్రు. మనం తంగేడు, గునుగు తెంపేది బతుకమ్మ పేర్చడానికి. జనం రావద్దని పూలు కోసుడు నేను ఎక్కడ వినలేదు. నాకైతే అది మంచిగ అనిపించలేదు, గేటుకు తాళం వేస్తే సరిపోవు.

సుమో అంటే వాళ్ళ కుస్తీ. పట్టుకు ముందు ఉప్పు చల్లుతరు. గెలిచిన పహిల్వాన్ తర్వాత వచ్చేటోనికి గంటెతో నీళ్ళు ఇస్తడు. 2020 మార్చిలో ఒసాకాలో జనం లేకుండ పోటీలు పెట్టిండ్రు. గంటె నోటికి తాకకుండ తాగినట్టు చేసిండ్రు. మే నెల పోటీలు రద్దయినయి. అదే నెలలో 28 ఏండ్ల సుమో పహిల్వాన్ ఒకరు కరోనాతో చనిపోయిండు.

ఇగ కోషియెన్ సంగతి. అది ఒక బేస్ బాల్ గ్రౌండ్ పేరు. ఎండకాలంలో దేశం మొత్తంల హైస్కూల్ పిల్లల పోటీలు అక్కడనే. ఓడిన పిల్లలు ఏడ్చుకుంట ఆ గ్రౌండ్ మట్టిని సంచిలో నింపుకొని పోతరు. 2020 లో పోటీ రద్దయింది. ఆఖరి తరగతి పిల్లలకు మళ్ళ అవకాశం లేదు. అందుకని హన్షిన్ టైగర్స్ అనే పెద్ద టీం వాళ్ళు కోషియెన్ మట్టిని చిన్న తాళంచెవుల గొలుసులలో పెట్టి ఆ పిల్లలందరికి పంచిండ్రు.

ఇది చదివినప్పుడు మా పెద్దనాయిన బిడ్డ యాదికొచ్చింది. ఆ యేడు అక్క పదో తరగతి, ఖోఖోలో బాగా ఉరికేది. 2020 మార్చిలో మూడు పేపర్లు రాసినంక పరీక్షలు ఆగినయి. జూన్ లో రద్దు చేసి అందరిని పాస్ అన్నరు. మా కోయగూడెంల సంతోషపడ్డరు. కానీ అక్క ఇంటర్ చదవలేదు. ఫోన్ లేదు, సిగ్నల్ చింతచెట్టు కాడనే వచ్చేది. తర్వాతి ఎండకాలం పెండ్లి చేసిండ్రు, అప్పుడు అక్కకు పదిహేడేండ్లు. ఆఖరి ఆట ఎప్పుడు ఆడినవ్ అని అడిగితే యాదికి లేదంటది. అది ఆఖరిదని ఆడేటప్పుడు తెలిస్తే గదా. మన అక్కలకు మట్టి ఎవ్వరు పంచలేదు.

టోక్యో ఒలింపిక్స్ 2020 లో జరగాలి, 2021 జూలై 23 న మొదలైనయి. ఇంతకుముందు యుద్ధాల వల్ల మూడుసార్లు రద్దయినయి గాని ఇట్ల వాయిదా పడుడు ఇదే మొదటిసారి. మన హైదరాబాద్ పి.వి.సింధు ఆగస్టు 1 న చైనా అమ్మాయిని ఓడించి కాంస్య పతకం గెలిచింది. 2016 రియోలో రజతం కలుపుకుంటే రెండు ఒలింపిక్ పతకాలు గెలిచిన మొదటి భారత మహిళ ఆమెనే. చూసే జనం కోసం వేసిన కుర్చీలు దాదాపు అన్ని ఖాళీ. పతకం గూడ ఎవ్వరు మెడలో వెయ్యలేదు, పళ్ళెంలో పెట్టి ఇస్తే ఆటగాళ్ళే తీసుకొని వేసుకున్నరు.

ఆ రెండేండ్లు మీ ఊర్లో బోనాలు, బతుకమ్మ, జాతర ఎట్ల చేసిండ్రు? ఆట ఆగిపోయిన అక్కలు ఎవరైనా ఉన్నరా? సెలవులకు ఇంటికి పోయినప్పుడు అడిగి రండి. ఈ కాగితం కింద జాగ వదిలిన, పెన్సిల్ తో రాయండి.