కొత్త మిషన్ కొనకు, బ్లేళ్లు మార్చు

చిరంజీవి అల్లుడికి,

టేకు తలుపుల పని ఒప్పుకున్నావని, ప్లేనరు మొరాయిస్తోందని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన ఫొటోలు చూశాను. మిషన్‌కు ఏ రోగమూ లేదు, బ్లేళ్లు అరిగాయి.

పదునున్నప్పుడు చెక్కపొట్టు రేకులుగా ఎగిరి పడుతుంది, అరిగాక పిండిలా రాలుతుంది. మోటారు మూలుగుతుంది, చెక్క మాడిన వాసన వస్తుంది, మనకు తెలియకుండానే చేతులు మిషన్‌ను కిందికి నొక్కుతుంటాయి. అలా నొక్కి నొక్కి పని లాగితే బ్లేళ్లతో పోయే ఖర్చు మోటారు దాకా వస్తుంది. టేకులో సిలికా ఉంటుంది కాబట్టి అంచు తొందరగానే పోతుంది. ఇక చెక్క పొడవునా ఒకే చోట సన్నటి గీత లేస్తోందంటే, ఏ మేకో తగిలి అంచు పెచ్చు ఊడిందన్నమాట. పాత ద్వారబంధాల చెక్కకు చిత్రిక పట్టే ముందు ఒకసారి అయస్కాంతం తిప్పి చూసుకో.

బ్లేడు మీద చెయ్యి వేసే ముందు ప్లగ్గు పీకెయ్యి. స్విచ్చి ఆపితే చాలదు. బ్యాటరీ మిషనైతే బ్యాటరీ ఊడదియ్యి. బ్లేళ్లు బిగించిన డ్రమ్ము నిమిషానికి దాదాపు 16,000 చుట్లు తిరుగుతుంది, దానితో ఆటలు వద్దు.

మన మిషన్‌కు పట్టేవి 82 మిల్లీమీటర్ల బ్లేళ్లు. సన్నటి కార్బైడ్ రకానికి రెండు వైపులా అంచు ఉంటుంది. ఒక వైపు అరిగితే తిప్పి బిగించు, రెండోదీ అరిగాక పారెయ్యి. మామూలు సానరాయి మీద అది పదునెక్కదు. డ్రమ్ముకు రెండు బ్లేళ్లుంటే రెండూ ఒకేసారి మార్చు. ఒకటి కొత్తది, ఒకటి పాతది పెడితే బరువు తేడా వచ్చి మిషన్ వణుకుతుంది, బేరింగులు దెబ్బతింటాయి.

పాతవి తీశాక గాడిలో పేరుకున్న పొట్టు, జిగురు బ్రష్షుతో శుభ్రంగా తుడువు. చాలామంది ఇది వదిలేస్తారు. గోరంత పొట్టు అడుగున ఉండిపోయినా బ్లేడు ఒక పక్కకు లేచి కూర్చుంటుంది.

అసలు పనితనమంతా ఎత్తు కుదర్చడంలో ఉంది. బ్లేడు అంచు మిషన్ అడుగున ఉన్న వెనక ప్లేటుకు సరిసమానంగా ఉండాలి. లోతు పెంచినా తగ్గించినా కదిలేది ముందు ప్లేటు, వెనకది కదలదు. కాబట్టి కొలత ఎప్పుడూ వెనక ప్లేటు నుంచే. కొన్ని మిషన్లలో బ్లేడు గాడిలో ఇమిడి ఎత్తు దానంతటదే కుదురుతుంది, కొన్నింటికి డబ్బాలో గేజి వస్తుంది. ఏదైనా సరే, చివర్లో నువ్వు చూసుకో. వెనక ప్లేటు మీద స్టీలు స్కేలు ఆనించి, అంచుకు వేళ్లు తగలకుండా డ్రమ్మును చేత్తో మెల్లగా తిప్పు. అంచు స్కేలును రాసుకుంటూ పోవాలే గానీ ఎత్తకూడదు. కుడి చివర, ఎడమ చివర, రెండు బ్లేళ్లకూ ఇలాగే. నీ ఫొటోలో పలక చివర పడిన పల్లం చూశావా? బ్లేడు వెనక ప్లేటు కంటే పైకి ఉంటే వచ్చేది అదే. మొదట్లో పల్లం పడితే బ్లేడు కిందికి ఉన్నట్టు. ఆ పల్లాలను సాండ్‌పేపర్‌తో సర్దబోకు, ఎత్తు సరిచెయ్యి.

బోల్టులు ఒక్కొక్కటీ పూర్తిగా బిగించెయ్యకు. ఒకదాని తర్వాత ఒకటి, కొద్దికొద్దిగా, మూడు విడతల్లో బిగించు. తల అరిగిన బోల్టు మళ్లీ వాడొద్దు. వదులైన బ్లేడు ఊడి ఎగిరిందంటే మనిషి మిగలడు. మెడలో తువాలు తీసేసి, కళ్లద్దాలు పెట్టుకుని, మిషన్ మొహానికి దూరంగా పట్టుకుని ఒక నిమిషం ఖాళీగా తిప్పు. వణుకు తెలిస్తే వెంటనే ఆపి మళ్లీ విప్పు. బాగుంటే ముందు పనికిరాని ముక్క మీద పట్టి చూడు.

పాత బ్లేళ్లను అట్టలో చుట్టి టేపు వేసి పారెయ్యి. చెత్త ఎత్తేవాళ్ల చేతులు కోసుకుపోతాయి.

బజారుకు వెళ్లినప్పుడు రెండు జతలు తెచ్చుకో, ఒక జత పెట్టెలో ఉండాలి. తలుపులు పాలిష్‌కు వెళ్లకముందే ఈ పని ముగించి నాకు ఫోను చెయ్యి.

ఇట్లు,
మీ మావయ్య