వెదురు దడియు, పొరుగువాని హక్కును

పొదిలి వంటి ఊళ్లలో పెంకుటిండ్లును మట్టిమిద్దెలును పడిపోయి, వాని స్థానమున రెండంతస్తుల డాబాలు లేచుచుండుటచేత, ఒకప్పుడు కంపతోనో తాటాకు దడితోనో చాటు చేసికొన్న పెరడు నేడు పొరుగింటి మేడమీది కిటికీకి బట్టబయలైనది. అంట్లు తోముకొను చోటు, నీళ్లు పోసికొను చోటు, బట్టలారవేయు తీగ, ఇవన్నియు పరుల కంటబడుట ఆ యింటి స్త్రీలకెంత యిబ్బందియో వేఱుగ చెప్పనక్కఱలేదు. ప్రహరీని ఎత్తు చేయుదమన్న ఇటుకకు, కూలికి తగిన సొమ్ము కావలెను; పైగా నిర్మాణపు అనుమతుల చిక్కు కలదు. కావున కడియము నర్సరీలనుండి లారీలలో వచ్చు వెదురు మొక్కలను గోడ వెంబడి వరుసగ నాటి, మూడు నాలుగేండ్లలో పచ్చని తెఱ కట్టుకొందమని పలువురు తలపోయుచున్నారు. ఆలోచన మంచిదే. చట్టము కూడ దీనికి ప్రతికూలము కాదు. అంతేకాదు, ఈ విషయమున చట్టము గృహస్థునకు మిగిల్చిన ముఖ్యసాధనమిదియే యని చెప్పుట సాహసము కాదు. అయితే ఆ సాధనమునకు ఒక హద్దు కలదు. ఆ హద్దును నాటుటకు ముందు తెలిసికొన్నవానికి వెదురు నీడనిచ్చును, నాటిన పిమ్మట తెలిసికొన్నవానికి దావా నిచ్చును.

మొదట చాటు సంగతి. పొరుగువాడు తన గోడకు క్రొత్తగ కిటికీ తెఱచి మా పెరడు చూచుచున్నాడు, దానిని మూయించు హక్కు మాకున్నదా యని చాలమంది అడుగుదురు. 1882వ సంవత్సరపు భారత ఈజ్‌మెంటుల చట్టము పుట్టిననాడే మద్రాసు రాజధానికంతటికి వర్తించినది గనుక, అప్పటికి నెల్లూరు జిల్లాలో చేరియున్న పొదిలికిని ఆనాటి నుండియే అది శాసనము. ఆ చట్టపు 18వ సెక్షను స్థానికాచారమును బట్టి కలుగు హక్కులను గూర్చి చెప్పుచు, ఒక పట్టణమున పొరుగువాని మఱుగుకు భంగము కలుగునట్లు క్రొత్త కిటికీ తెఱవరాదను ఆచారమున్నచో ఆ ఆచారమే హక్కగునని ఉదాహరణమిచ్చినది. అలహాబాదు హైకోర్టు 1888లో గోకుల్ ప్రసాద్ - రాధో వ్యాజ్యమున అట్టి ఆచారము ఉత్తరదేశమున కలదని అంగీకరించినది. మద్రాసు హైకోర్టు మాత్రము అంతకు పూర్వమునుండియు, కిటికీ తెఱచినంత మాత్రమున పొరుగువానికి దావా కారణము పుట్టదను పక్షమునే వహించినది. కనుక మన ప్రాంతమున ఇట్టి హక్కు కోరువాడు ఆ యూరి ఆచారమును సాక్ష్యముతో నిరూపింపవలెను. అది సులభము కాదు. 2017 ఆగష్టు 24వ తేదీన పుట్టస్వామి వ్యాజ్యమున సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము గోప్యత ప్రాథమిక హక్కని ప్రకటించినమాట నిజమే కాని, ఆ తీర్పు ప్రధానముగ రాజ్యమునకును పౌరునకును గల సంబంధమును గూర్చినది. దానిని పట్టుకొని పొరుగింటి కిటికీని మూయించుట కష్టసాధ్యము. మఱి చూపునకు గురియైనవానికి దారి యేది? తన స్థలమున తాను తెఱ కట్టుకొనుటయే. ఆ తెఱ గోడ కావచ్చును, తడిక కావచ్చును, వెదురు కావచ్చును.

ఇక ఎదుటివాని పక్షమును చూడవలెను. మీ వెదురు గుబురుగ పెరిగి తన కిటికీకి వెలుతురును గాలిని అడ్డగించుచున్నదని అతడు వాదించినచో, న్యాయస్థానము మొట్టమొదట అడుగు ప్రశ్న ఒక్కటే: ఆ కిటికీ ఎన్నియేండ్లది? అదే చట్టపు 15వ సెక్షను ప్రకారము, ఒక కట్టడపు కిటికీ గుండ వెలుతురును గాలిని ఇరువది ఏండ్లపాటు నిరాటంకముగ, ప్రశాంతముగ, ఈజ్‌మెంటుగ అనుభవించినవానికే ఆ హక్కు స్థిరపడును. ఆ ఇరువది ఏండ్లును దావాకు ముందు రెండేండ్లలోపల ముగిసినవై యుండవలెను. అయిదేండ్ల క్రిందట కట్టిన మేడమీది కిటికీకి ఈ హక్కు ఉండదు. తాతలనాటి పెంకుటింటి కిటికీకి ఉండవచ్చును. ఉన్నను, 33వ సెక్షనును బట్టి వెలుతురు కొంచెము తగ్గెనన్న చాలదు. ఆ యింటి విలువ గణనీయముగ తగ్గుటయో, నివసించువారి శరీరసౌఖ్యమునకు ముఖ్యమగు భంగము కలుగుటయో, అలవాటుగ చేసికొను వృత్తి మునుపటివలె లాభసాటిగ సాగకపోవుటయో చూపవలెను. ఖాళీ దొడ్డికి, కళ్లమునకు, మొక్కల తోటకు వెలుతురు రావలెనను హక్కు ఎన్ని తరములు గడచినను పుట్టదని 17వ సెక్షను స్పష్టముగ చెప్పుచున్నది. మీ వెదురు నీడ పడి మా పెరటిలో మిరపకాయలు ఎండుటలేదన్న అభ్యంతరము ఇరుగుపొరుగు మర్యాదకు సంబంధించినదే కాని, దావాకు నిలుచునది కాదు. ఆ మర్యాదను మాత్రము విడువరాదని నా మనవి. చట్టము నిర్బంధింపని చోటనే మనిషి మంచితనమునకు పని యుండును.

ఇంగ్లాండులో రెండు మీటర్లకు మించిన నిత్యహరితపు కంచెలపై స్థానిక పాలకమండలికి ఫిర్యాదు చేసికొను శాసనము 2003లో వచ్చినది. మనకు కంచె మొక్క ఇంత ఎత్తే యుండవలెనను శాసనము లేదు. అందుచేత మన దగ్గఱ తగవంతయు ఎత్తును గూర్చి కాక, హద్దును గూర్చియే నడచును.

హద్దన్నది మాటలతో తేలునది కాదు. పొదిలిలో నేను విన్న కంచె తగవులలో పెక్కింటికి మూలము మొక్క కాదు, రాయి. దస్తావేజులో తూర్పున ఫలానావారి గోడ యని వ్రాసియుండును. ఆ గోడ పడిపోయి రెండవమాఱు లేచునప్పటికి జానెడో మూరెడో ఇటో అటో జరిగియుండును. కావున మొక్క కొనుటకు ముందే ఎఫ్-లైన్ అర్జీ (హద్దు కొలువుమను దరఖాస్తు) పెట్టుకొని, సర్వేయరును పిలిపించి, 1923వ సంవత్సరపు సర్వే, హద్దుల చట్టము క్రింద ఉన్న ఎఫ్.ఎమ్.బి. (పొలము కొలతల పుస్తకపు) పటమును బట్టి కొలిపించి, పొరుగువాని యెదుటనే హద్దురాయి వేయించుకొనుట శ్రేయము. అందుకయ్యెడు రుసుము కోర్టులో ఒక్క వాయిదాకు ప్లీడరు వెంట తిరుగు ఖర్చుకు సరిపోదు. నోటీసు అందుకొన్న పొరుగువాడు రాకపోయినను, ఆ నోటీసు ప్రతిని భద్రపఱచుకొనవలెను.

వెదురు స్వభావమిక్కడ తెలియవలెను. శీతల దేశములలో కొన్ని జాతులు నేలక్రింద బారలకొలది పరుగెత్తి ఎక్కడనో లేచును. వాని బాధ భరింపలేక అమెరికాలోని కనెటికట్ రాష్ట్రము 2013లో ప్రత్యేక శాసనమునే చేసినది. అక్కడ ఇల్లు కొనుక్కొన్న మన పిల్లలు పెరటిలో వెదురు నాటుటకు ముందు తమ ఊరి నిబంధనలను తప్పక విచారించుకొనవలెను. మన ఎండలకు నిలుచునవి దాదాపు అన్నియు పొదకట్టు జాతులే. అయినను పొద ఒక్కచోట నిలిచియుండును అనుకొనరాదు. దుంప ఏటేట వెలుపలికి ఒక్కొక్క అడుగు వేయుచుండును. తొలకరి పడిన కొన్ని వారములకు, గోడకు అవతల పఱచిన మార్కాపురపు పలకల సందున నేల ఉబ్బును. మఱి నాలుగు దినములకు పలక ఒక ప్రక్కకు లేచి, ఊదారంగు పొరలతో, ముట్టుకొన్న దురదపెట్టు నూగుతో మోటైన మొలక తల యెత్తును. రెండు మూడు నెలలలో అది నిండైన బొంగగును. నీళ్లతొట్టి అడుగునను, మరుగుదొడ్డి గుంట ప్రక్కను ఇట్లే లేచినచో నష్టమునకు నాటినవాడే బాధ్యుడు. ముళ్లవెదురు, పసుపు వెదురు, బాల్కువా వంటి పెద్ద జాతులను హద్దునకు పది పదునైదడుగులలోపల నాటకుండుటయే మేలు. కంచెకు అనువైన బాంబూసా మల్టిప్లెక్స్ వంటి సన్నజాతినైనను అయిదడుగులు విడిచి నాటి, మధ్యను మోకాలిలోతు కాలువ త్రవ్వి, ఏటేట వానలనాడు అందులోనికి దిగిన దుంపను పాఱతో నఱికివేయవలెను. ముళ్లవెదురు ఇండ్ల నడుమ అసలే వలదు.

కొమ్మ హద్దు దాటినప్పుడు పొరుగువాడేమి చేయవచ్చును? ఇంగ్లాండు ప్రభువుల సభ 1894 నాటి లెమన్ - వెబ్ తీర్పునందు చెప్పిన సూత్రమునే మన న్యాయస్థానములును అనుసరించుచు వచ్చినవి: తన స్థలముపైకి వ్రాలిన కొమ్మను, తన నేలలోనికి చొచ్చిన వేరును, తన హద్దులోనే నిలిచి, హద్దు వఱకు మాత్రమే అతడు నఱుకవచ్చును. ఇరువది ఏండ్లు వ్రాలియున్నది గనుక వ్రాలియుండు హక్కు వచ్చినదని చెట్టు యజమాని వాదింపజాలడని కలకత్తా హైకోర్టు 1904లో తీర్మానించినది. కాని నఱుకువాడు గోడ దుమికి మీ స్థలమున అడుగుపెట్టినచో అది అతిక్రమణము. పగబట్టి పొద మొదటిలో కలుపుమందు పోసినచో, 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 324వ సెక్షను క్రింద నేరము. నఱికిన బొంగు చెట్టు యజమానిదే గనుక, దానిని అతనికప్పగించుటయే తగవు పెరుగకుండు మార్గము. నఱుకుటకు ముందు నోటీసు ఇయ్యవలెనను నిర్బంధము లేకున్నను, ఒక్క ఉత్తరము వ్రాసి పదునైదు దినములు గడువిచ్చినవాని మాటకు న్యాయస్థానమున బరువు హెచ్చు.

గాలివానకు ఒరిగి బాటపైననో, ఇంటి కప్పుపైననో పడనున్న పొద సంగతి వేఱు. అందుకు సివిలు దావా కొఱకు కాచుకొనియుండనక్కఱలేదు; భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షను క్రింద తహసీలుదారుకో, ఆర్.డి.ఓ.కో అర్జీ పెట్టుకొన్నచో, ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు హోదాలో వారు దానిని తొలగింపుమని ఉత్తరువు చేయగలరు. కరెంటు తీగ క్రింద నాటినవారు 2003వ సంవత్సరపు విద్యుచ్ఛక్తి చట్టము 68వ సెక్షనును గుర్తుంచుకొనవలెను. అందు చెట్టనగా పొద, కంచె, ఏ మొక్కయైనను చేరునని వివరణము కలదు. తీగ లాగిన పిమ్మట నాటిన మొక్కను కొట్టివేసినచో పరిహారము రాదు, తీగకు ముందే యున్నదానికి మాత్రమే వచ్చును.

కొనుగోలు సంగతి చాల ముఖ్యము, ఎక్కువమంది ఉపేక్షించునదియు నిదియే. నర్సరీవాడు కంచె వెదురని చెప్పి ముళ్లవెదురు నిచ్చినను, నారు మొక్కయని చెప్పి ముదురు పొద కణుపును పాతి అమ్మినను కొన్ననాడు తెలియదు. ముళ్లవెదురు, సాధనపు వెదురు దశాబ్దములకొకమాఱు ఒక్కుమ్మడిగ పూచి, పూచిన పిమ్మట చచ్చును; తల్లిపొద వయస్సు దాని కణుపునుండి పుట్టిన మొక్కకును సంక్రమించును గనుక, పూతకు దగ్గఱపడిన పొదనుండి తెచ్చిన మొక్క మీ పెరటిలో కొలది యేండ్లకే యెండిపోవచ్చును. కాబట్టి బిల్లు తప్పక అడుగవలెను. అందు జాతి శాస్త్రీయ నామము, మొక్క విత్తనపుదో కణుపుదో టిష్యూకల్చరుదో, సంఖ్య, ధర, నర్సరీ నమోదు సంఖ్య వ్రాయించుకొనవలెను. మాట తప్పినచో 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము మీ పక్షమున కలదు. ఈ విషయమున మన తెలుగు రైతులే దేశమునకు దారి చూపినారని సగర్వముగ చెప్పవచ్చును: నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ - ఎం. మధుసూదన రెడ్డి వ్యాజ్యమున, సాగుకై విత్తనము కొన్న రైతు వినియోగదారుడే యనియు, విత్తనముల చట్టము వేఱుగ ఉన్నంత మాత్రమున వినియోగదారుల ఫోరమునకు పోరాదనుట చెల్లదనియు, విత్తనమంతయు విత్తివేసిన రైతును పరీక్షకు కొంత దాచియుంచలేదేమని తప్పుపట్టరాదనియు సుప్రీంకోర్టు 2012 జనవరిలో తీర్పు చెప్పినది. ప్రత్తి, మిరప విత్తనములు మొలకెత్తక బాధపడిన ఈ మెట్ట రైతునకు ఈ తీర్పు ఎంతటి ఆసరాయో! పెరటికై వెదురు కొన్న గృహస్థునకును ఆ వాదమే అక్కఱకు వచ్చును. ఫిర్యాదును మీరు నివసించు జిల్లాకు చెందిన వినియోగదారుల కమిషను యెదుటనే వేయవచ్చును. దోషము బయటపడిన రెండేండ్లలోపల వేయవలెను. చెల్లించిన సొమ్ము అయిదు లక్షలు దాటనిచో రుసుము లేదు. 1915 నంబరుకు ఫోను చేసి మొదట సలహా పొందవచ్చును.

పెరిగిన వెదురును కొట్టి అమ్ముకొనదలచినవారు అటవీ చట్టమును మఱువరాదు. 1927వ సంవత్సరపు భారత అటవీ చట్టమున చెట్టు అను పదమునకిచ్చిన అర్థములో వెదురు చేరియుండెను. 2017 నవంబరులో ఆర్డినెన్సు ద్వారా, పిదప శాసనము ద్వారా దానిని తొలగించిరి. ఇక వెదురు చెట్టు కాదు, పర్మిట్లు అక్కఱలేదని పత్రికలు వ్రాసినవి. కాని ఆంధ్రప్రదేశమున 1967వ సంవత్సరపు అటవీ చట్టము, దాని క్రింది 1970 నాటి రవాణా నియమములు వేఱు; కేంద్ర చట్టమునకు చేసిన సవరణ వీనిని తనంత తాను మార్చదు. ఇంటి పందిరికి, గొడ్ల చావడికి వాడుకొనుటకు భయపడనక్కఱలేదు గాని, మేదరవారికో వ్యాపారులకో బండ్లకెత్తి పంపుటకు ముందు, అటవీ రేంజి కార్యాలయమున అర్జీ యిచ్చి జవాబు వ్రాతమూలముగ తీసికొనుడు. నల్లమల దాపుననున్న ఈ ప్రాంతమున, పెరటి బొంగునకును అడవి బొంగునకును భేదము చెక్‌పోస్టులో చూపవలసినది మీరే.

అద్దెయింటిలో నాటినవారికి ఒక్కమాట. ఆస్తి బదిలీ చట్టము 108వ సెక్షను ప్రకారము అద్దెదారు ఇల్లు తన స్వాధీనమున నున్నంతకాలము తాను నాటినదానిని పెకలించి తీసికొనిపోవచ్చును. నేలను మాత్రము మునుపటి స్థితిలో అప్పగింపవలెను. తాళము ఇచ్చివేసిన పిమ్మట ఆ హక్కు ఉండదు.

తగవు ముదిరినచో పొదిలి జూనియర్ సివిల్ జడ్జి కోర్టున ఇంజంక్షను దావా వేయుట, అడ్వకేటు కమిషనరును వేయించి స్థలము కొలిపించుట ఉండనే యున్నవి. అంతకుముందు న్యాయసేవల సంస్థకు ఒక అర్జీ పెట్టుడు. 15100 నంబరున ఎవరైనను విచారింపవచ్చును. స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచితముగ ప్లీడరును ఏర్పఱతురు. లోక్ అదాలతులో కుదిరిన రాజీ సివిలు కోర్టు డిక్రీతో సమానము, దానిపై అప్పీలు లేదు. కనుక సంతకము చేయుటకు ముందు ఆ కాగితమున ఏమి వ్రాసిరో శ్రద్ధగ చదువుకొనుడు: హద్దురాయినుండి ఎన్ని అడుగుల దూరమున పొద ఉండవలెనో, ఏటేట ఏ నెలలో ఎవరి ఖర్చుతో దుంప నఱుకవలెనో, తెఱ ఎంత ఎత్తు వఱకు నుంచవచ్చునో, నఱుకనిచో పొరుగువాడు కూలివానిని పెట్టి నఱికించి ఆ కూలి సొమ్ము రాబట్టుకొనవచ్చునో లేదో అంకెలతో సహా ఉండవలెను. ఉభయులును ఇకమీదట సఖ్యముగ మెలగుదురన్న వాక్యమొక్కటే యున్నచో, రేపు ఆ డిక్రీని అమలు జరుపుటకు న్యాయస్థానమునకు అందులో ఆధారమేమియు దొరకదు.