పట్టింపు ఎక్కడ ఉండాలి?

ఇంగ్లిషులో ‘పర్నికెటీ’ అని ఓ మాట ఉంది. చాలా మంది చదివి ఉండరు, విని ఉండరు. 1808 నాటికే స్కాట్లండులో వాడుకలో ఉంది. తర్వాత అమెరికా వాళ్లు మధ్యలో ‘స’కారం చేర్చి ‘పర్‌స్నికెటీ’ అన్నారు. దేని నుంచి పుట్టిందో నిఘంటుకారులు ఇప్పటికీ తేల్చలేదు. అర్థం మాత్రం స్పష్టం: చిన్న విషయాలకు అతిగా పట్టింపు. కోడిగుడ్డుకు ఈకలు పీకే గుణమన్నమాట.

ఈ గుణాన్ని పూర్తిగా వదిలేయమని నేను చెప్పను. దానికి చోటు చూపించండి చాలు.

శుభలేఖ అచ్చు వేయించే ఇంటిని చూడండి. ప్రెస్సు నుంచి వాట్సాప్‌లో ప్రూఫు వస్తుంది. అంచు బంగారు రంగు ఇంకాస్త ముదరాలని ఒకరు, వినాయకుడి బొమ్మ పైకి జరపాలని మరొకరు. నాలుగైదు మార్పులయ్యాక విసుగొచ్చి ‘సరే, వేసేయండి’ అంటారు. తీరా కార్డులొచ్చాక చూస్తే రాత్రి ముహూర్తం కాస్తా పగలైపోయి ఉంటుంది! ఓపికంతా అంచు దగ్గరే అయిపోయింది మరి.

అందుకే పని మొదలెట్టే ముందే, ఎక్కడ తప్పు దొర్లితే భరించలేమో కాగితం మీద రాసుకోండి. పేర్లు, ముహూర్తం, కల్యాణ మండపం చిరునామా... వీటిని పైకి చదవండి, ఇంకొకరితోనూ చదివించండి. రంగు సంగతి ఒక్కరికి అప్పగించండి. వాళ్లు ఏది అంటే అదే.

ఇలా ‘ఇది చాలు’ అనుకుని ఆగడాన్ని హెర్బర్ట్ సైమన్ 1956లోనే సిద్ధాంతంగా చెప్పారు. 1978లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్నదీ ఆయనే. 2006లో పరిశోధకులు షీనా అయ్యంగార్, బారీ ష్వార్ట్జ్‌ల బృందం అమెరికాలో ఉద్యోగాలు వెతుక్కుంటున్న విద్యార్థులను పరిశీలించింది. అన్నిటికన్నా మంచిదే కావాలని పట్టుబట్టిన వాళ్లకు జీతం 20 శాతం ఎక్కువే వచ్చింది. సంతృప్తి మాత్రం మిగతా వాళ్లకన్నా తక్కువ. నాకు ఇది బాధ కలిగించే ఫలితం. అంత కష్టపడి సాధించుకున్నది అనుభవించలేకపోతే ఎలా?

ఇంట్లో ఈ గుణం ఇంకా ఎక్కువ నష్టం చేస్తుంది. పిల్లవాడు మడతపెట్టిన దుప్పటిని వాడి ఎదుటే విప్పి మళ్లీ మడతపెడితే, మర్నాడు వాడు దాన్ని ముట్టుకోడు. మడత వంకరగా ఉంటే ఉండనివ్వండి. పాలు కాచి వచ్చాడంటే, గ్యాస్ కట్టేశాడో లేదో మాత్రం మీరూ ఒకసారి వెళ్లి చూడండి.