కారు ఏసీలో చప్పుడా? ముందు నాలుగు పరీక్షలు

గత మే నెలలో అమ్మను తీసుకుని ఒక పెళ్లికి వెళ్లాల్సి ఉంది. సరిగ్గా వారం ముందు, కారులో ఏసీ వేయగానే డ్యాష్‌బోర్డు లోపల టకటకమని చప్పుడు మొదలైంది. స్టాఫ్ లోన్‌తో కొన్న కారు, తొమ్మిదేళ్లు నిండాయి. గ్యారేజీకి తీసుకెళ్లి “ఏసీ వేస్తే చప్పుడు వస్తోంది” అని చెప్పాను. “కంప్రెసర్ పోయినట్టుంది సార్, 28,000 దాకా అవుతుంది” అన్నారు. డెబ్బై ఆరేళ్ల మనిషిని ఆ ఎండలో ఏసీ లేకుండా తీసుకెళ్లలేను కదా! మర్నాడు బండి ఇస్తానని ఒప్పుకుని బయలుదేరాను.

దారిలో వెనక సీట్లోంచి మా అమ్మాయి అంది: “నాన్నా, ఫ్యాను తగ్గిస్తే టకటక కూడా నెమ్మదిస్తోంది, విను.”

అప్పుడు తెలిసింది నా పొరపాటు. ఖాతాదారు కౌంటరు దగ్గరికి వచ్చి “నా అకౌంట్లో డబ్బులు పోయాయి” అంటే మనం ఏమడుగుతాం? ఏ తేదీన, ఎంత, ఏటీఎంలోనా, యూపీఐలోనా అని. గ్యారేజీలో నేనూ ఆ ఖాతాదారులాగే మాట్లాడాను. సగం ఫిర్యాదు చేస్తే సగం జవాబే దొరుకుతుంది.

ఏసీ అంటే రెండు యంత్రాలు

గాలిని నెట్టే బ్లోయర్ ఫ్యాను డ్యాష్‌బోర్డు లోపల, మన కార్లలో ఎక్కువగా ఎడమవైపు గ్లవ్ బాక్స్ వెనక ఉంటుంది. అది కరెంటుతో తిరుగుతుంది. గ్యాసును ఒత్తిడికి గురిచేసే కంప్రెసర్ బానెట్ కింద ఉంటుంది. పెట్రోలు, డీజిలు కార్లలో సాధారణంగా దాన్ని ఇంజనే బెల్టు ద్వారా తిప్పుతుంది. ఏసీ వేస్తే రెండూ కలిసి పనిచేస్తాయి. చప్పుడు దేనిదో తేలాలంటే వాటిని విడదీసి వినాలి.

ఒకసారికి ఒక్కటే మార్చండి

1. ఇంజను స్టార్ట్ చేయకుండా తాళం ‘ఆన్’ వరకే తిప్పండి. పుష్ బటన్ కారయితే బ్రేకు, క్లచ్ నొక్కకుండా బటన్ నొక్కాలి. బ్లోయర్‌ను ఒకటో స్పీడు నుంచి చివరిదాకా పెంచండి. చప్పుడు వస్తే కంప్రెసర్‌కు సంబంధం లేదు, అది తిరగడమే లేదు.
2. ఇంజను స్టార్ట్ చేసి, బ్లోయర్ మాత్రమే నడపండి.
3. ఇప్పుడు ఏసీ బటన్ నొక్కండి. ఒక్కసారి ‘టక్’ మనడం మామూలే. ఆగకుండా గరగరమంటే కంప్రెసర్‌నో దాని బేరింగునో, కీచుమంటే బెల్టునో అనుమానించాలి.
4. చల్లదనం, గాలి దిశ, లోపలి గాలి–బయటి గాలి మీటలు ఒక్కొక్కటే మార్చండి. అప్పుడు మాత్రమే కొన్ని క్షణాలు టిక్‌టిక్‌మంటే, గాలి దారిని మార్చే తలుపుల దగ్గర లోపం ఉండవచ్చు.

మరికొన్ని శబ్దాలు

ఏసీ ఆపాక కాసేపు బుస్సుమంటే భయపడకండి, గ్యాసు ఒత్తిడి సర్దుకుంటోంది. మలుపు తిరిగినప్పుడు లోపల నీళ్లు కదిలినట్టుంటే నీరు బయటికి పోయే గొట్టం పూడి ఉండవచ్చు, ఎడమవైపు కార్పెట్ తడిగా ఉందేమో చూడండి. ఎక్సలరేటర్ నొక్కితే డ్యాష్‌బోర్డు వెనక గుడగుడమంటే కూలెంట్ తగ్గిందేమో చూసుకోండి. అయితే ఇంజను పూర్తిగా చల్లారేదాకా రేడియేటర్ మూత తీయకూడదు.

జాగ్రత్తలు కూడా ముఖ్యం. మూసిన షెడ్డులో ఇంజను నడిపి పరీక్షించవద్దు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాంతకం. తిరిగే బెల్టు దగ్గర చెయ్యి, చున్నీ ఉండకూడదు. గ్యాసు గొట్టాలను మనం విప్పకూడదు. కాలిన వాసన వస్తే వెంటనే అన్నీ ఆపి మెకానిక్‌ను పిలవండి.

మా కారు సంగతి

మొదటి పరీక్షలోనే తేలిపోయింది. ఇంజను ఆగి ఉన్నా టకటక వచ్చింది, స్పీడుతో పాటే పెరిగింది. మర్నాడు గ్యారేజీలో ఆ మాటే చెప్పాను. మెకానిక్ వెంటనే గ్లవ్ బాక్స్ తీసి, బ్లోయర్ విప్పి బోర్లించాడు. గుప్పెడు ఎండు వేపాకు, రెక్కల మధ్య ఇరుక్కున్న ఒక ఈనె! బ్రాంచి ఆవరణలో వేపచెట్టు నీడన ఆపే కారు. ముందు అద్దం కింది జాలీలోంచి అవి లోపలికి చేరాయి. మా మోడల్లో అడ్డుకునేందుకు క్యాబిన్ ఫిల్టరూ లేదు. కూలి 400 రూపాయలు.

గ్యారేజీవాళ్లను తప్పుపట్టను. నేను ‘ఏసీ’ అన్నాను, వాళ్లు కంప్రెసర్ అనుకున్నారు. మీరు మాత్రం వెళ్లేముందు ఒక కాగితం మీద ఇంజను ఆగి ఉన్నప్పుడా, నడుస్తున్నప్పుడా, ఏ మీటతో, ఏ స్పీడులో అని నాలుగు ముక్కలు రాసుకోండి. వీలైతే ఫోనులో శబ్దం రికార్డు చేయండి.

పెళ్లికి చల్లగా వెళ్లొచ్చాం. చెట్టు నీడ మానలేదు గానీ, ప్రతి శనివారం ఆ జాలీ మీద ఆకులు ఏరడం మా అమ్మాయి, నేను వంతులేసుకున్నాం.