పాత ఫైబర్ బోటు బేరమా? రంగు చూసి మోసపోకండి

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో వేట నిషేధం. ఇంజన్ బోట్లన్నీ ఒడ్డెక్కుతాయి. పాత ఫైబర్ బోటు కొనేవాళ్లకు అదే అదను. నీళ్లలో కనిపించని అడుగుభాగం అప్పుడు కళ్లెదుట ఉంటుంది. అమ్మకానికి పెట్టిన బోటు మీద కొత్త రంగు నిగనిగలాడుతుంటే మాత్రం నాకు అనుమానమే.

ఎండ ఏటవాలుగా పడే వేళ వెళ్లండి. బోటు వెనక వంగి పక్కల వెంబడి చూస్తే అతుకుల ఎగుడుదిగుళ్లు బయటపడతాయి. ఆపైన ప్లాస్టిక్ సుత్తితోనో రూపాయి బిళ్లతోనో బెత్తెడు బెత్తెడు దూరంలో తట్టుకుంటూ పోండి. గట్టి చోట టకటకమంటుంది. చప్పుడు మొద్దుబారిందంటే లోపలి పొరలు విడిపోయి ఉండాలి, లేదా పుట్టీ దట్టంగా పులిమి ఉండాలి. అక్కడ సుద్దముక్కతో గుండ్రంగా గీయండి, బేరంలో పనికొస్తుంది.

ఒకేచోటి నుంచి నలుదిక్కులా పాకిన సన్న పగుళ్లు దెబ్బ తగిలిన ఆనవాళ్లు. బోటులోకి దిగి అదే చోటును లోపలివైపు చూడండి. ఫైబర్ తెల్లగా పాలిపోయి ఉంటే దెబ్బ లోతుకు దిగిందన్నమాట. అడుగున పొక్కులుంటే అమ్మేవాళ్లనడిగి ఒకటి పొడవండి. కళ్లద్దాలు మరవొద్దు, లోపలి ద్రవం ఒక్కసారిగా చిమ్ముతుంది. అది జిగటగా ఉండి, వెనిగర్ వాసన వేస్తే పొరల్లోకి నీరు ఇంకినట్టే. ఒకటీ అరా అయితే బాగుచేసుకోవచ్చు. అడుగంతా పొక్కిన బోటు మనకొద్దు.

పగులుకు సరైన మరమ్మతంటే చుట్టూ ఏటవాలుగా అరగదీసి ఫైబర్ మ్యాట్, రెసిన్ పొర మీద పొర వేయడం. అరగదీత వెడల్పు ఫైబర్ మందానికి పన్నెండింతలు ఉండాలంటారు. 6 మిల్లీమీటర్ల మందానికి అటూ ఇటూ 7 సెంటీమీటర్ల పైమాటే. అరచేతిలో సగం లేని అతుకు కనిపిస్తే అడగండి, ఇందులో మ్యాట్ ఎన్ని పొరలు వేశారని. పుట్టీ కూరి రంగేసినవాళ్లు నీళ్లు నములుతారు.

ఇంజన్ బిగించే వెనక పలకలో చాలా బోట్లకు లోపల ప్లైవుడ్ ఉంటుంది. ఇంజన్‌ను పైకీ కిందికీ ఊపండి. పలక ఊగినా, బోల్టుల దగ్గర తడి ఊరినా చెక్క కుళ్లిందని అనుమానించాలి. దాన్ని బాగుచేయడం చిన్న ఖర్చుతో తేలదు.

బయానా ఇచ్చేముందు రిజిస్ట్రేషన్ కాగితాల్లో పేరు, బోటు మీది నంబరు సరిచూసుకోండి. ఫైబర్ పని తెలిసిన మేస్త్రిని కూలిచ్చి వెంట తీసుకెళ్లండి. అమ్మేవాళ్లు కుదిర్చిన మేస్త్రి మాత్రం వద్దు.