ఇరవై ఒకటో మెయిల్

మా ప్రాజెక్టుకి కంపెనీ తోడు కోసం ఇరవై మెయిళ్లు పెట్టా. ఒక్క జవాబూ రాలేదు. తప్పెక్కడో రోటావాక్ టీకా కథ చదివాక తెలిసింది.

సమస్య: రోటావైరస్ విరేచనాలతో పసిపిల్లల మరణాలు. రుజువు: 1980ల్లో ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ ఎం.కె. భాన్ బృందం గుర్తించిన రకం సోకినా శిశువులకు విరేచనాలు రాలేదు. కొరత: దాన్ని టీకాగా తయారుచేసేవాళ్లు. ఆ కొరత తీర్చింది మన హైదరాబాద్ భారత్ బయోటెక్. 2015లో టీకా విడుదలైంది. 2016లో సార్వత్రిక టీకాల కార్యక్రమంలో చేరిన తొలి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

నా మెయిళ్లలో ఉన్నదల్లా అబ్‌స్ట్రాక్టే! సమస్య, రుజువు, కొరత: ఈ మూడూ మూడు వాక్యాల్లో రాసి ఇరవై ఒకటోది పంపా. జవాబు ఇంకా రాలేదు. కానీ రుజువు దగ్గర పెన్ను ఆగిందండీ. అందుకే మళ్లీ ల్యాబ్‌కి వెళ్తున్నా.