ఇటుకల పొయ్యి గట్టు: వేడి ఎక్కడ ఆగుతుంది, పొగ ఎటు పోతుంది?

పల్లెల్లో గ్యాస్ సిలిండర్ వచ్చిన ఇళ్లలోనూ కట్టెల పొయ్యి పూర్తిగా ఆరిపోలేదు. స్నానానికి నీళ్లు కాగాలన్నా, ఎడ్లకు ఉలవలు ఉడకాలన్నా, పండక్కి అరిసెలు వండాలన్నా పెరట్లో దాన్నే వెలిగిస్తారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో వంటకు శుభ్రమైన ఇంధనం వాడే కుటుంబాలు 58.6 శాతమే.

పొయ్యి నేల మీద ఉంటే వండేవారు వంగి, ముఖం పొగలో పెట్టి ఊదాలి. పాకే పిల్లలకు నిప్పు అందుతుంది. ఇటుకలతో ఎత్తుగా గట్టు కట్టుకుంటే ఈ రెండు ఇబ్బందులూ తగ్గుతాయి. కానీ ఎత్తు పెంచినంత మాత్రాన పొగ తగ్గదు. గాలి, వేడి, పొగ ఏ దారిన వెళ్లాలో కట్టేటప్పుడే నిర్ణయించాలి.

గట్టు ఎత్తు

9 సెంటీమీటర్ల మందం ఉన్న ఇటుకలను ఆరు వరుసలు పేరిస్తే, మధ్యలోని అడుసుతో కలిపి గట్టు సుమారు 60 సెంటీమీటర్లు లేస్తుంది. దానిపై 25 సెంటీమీటర్ల పొయ్యి కడితే, నిలబడి వండేవారికి పాత్ర అందుబాటులో ఉంటుంది. గట్టు బరువు ఎక్కువ కాబట్టి కింద నేలను గట్టిగా దిమ్మిస చేయాలి. లేకపోతే ఒకవైపు కుంగి, పైన పగుళ్లు వస్తాయి.

వేడిని తినే ఇటుక

ఇటుక వేడిని ఆపుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ముందు వేడిని తాగుతుంది. ఒక్కో ఇటుక సుమారు 3 కిలోలు. నిప్పు చుట్టూ 60 ఇటుకలు ఉంటే 180 కిలోలు. అంత బరువు 100 డిగ్రీలు వేడెక్కడానికి సుమారు 15 మెగాజౌళ్ల శక్తి కావాలి. ఒక కిలో ఎండు కట్టె కాలితే వచ్చే వేడి దాదాపు ఇంతే. అరగంట వంట కోసం వెలిగించిన పొయ్యిలో ఈ వేడి పాత్రకు చేరకుండా గోడలోనే మిగిలిపోతుంది.

అందుకే నిప్పు గదికి పలుచని గోడ చాలు. దానికీ బయటి ఇటుకలకూ మధ్య రెండు మూడు అంగుళాల సందు వదిలి, ఊక బూడిద నింపాలి. బూడిద రేణువుల మధ్య చిక్కుకున్న గాలి వేడిని బయటికి పోనివ్వదు. లోపలి గోడ వేడికి వ్యాకోచించినా బయటి గోడను నెట్టదు, కాబట్టి పగుళ్లు తగ్గుతాయి. నిప్పు తగిలేచోట సిమెంటు వద్దు. ఎక్కువ వేడికి అందులోని నీటి అణువులు విడిపోయి అది పొడి రాలుతుంది. బంకమట్టి అడుసే మేలు. కట్టిన పొయ్యిని కొన్ని రోజులు ఆరనిచ్చి, ముందు చిన్న మంటలతో అలవాటు చేయాలి.

గాలి కింద నుంచి

కట్టెలను ఇనుప జాలి మీద ఉంచి, దాని కింద బూడిద అర వదలాలి. అడుగు నుంచి వచ్చే గాలి బొగ్గులను బాగా మండిస్తుంది. పచ్చి కట్టె వేస్తే మాత్రం మంట శక్తిలో కొంత అందులోని నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. మంట చల్లబడి పొగ పెరుగుతుంది.

పొగగొట్టం బలం ఎంత?

వేడి గాలి తేలిక. ఆ తేడాతోనే పొగగొట్టం పనిచేస్తుంది. బయట 27 డిగ్రీలు, గొట్టంలో సగటున 177 డిగ్రీలు ఉంటే, 3 మీటర్ల గొట్టం పుట్టించే లాగుడు సుమారు 12 పాస్కళ్లు. అంటే మిల్లీమీటరు ఎత్తు నీటి పీడనం కన్నా కాస్త ఎక్కువ. ఇంత చిన్న బలాన్ని కాస్త మసి, ఒక అనవసరపు వంపు ఇట్టే మింగేస్తాయి. పాత్ర పొయ్యి నోటికి సరిగా అమరకపోయినా ఆ సందులోంచి చల్లగాలి దూరి లాగుడును తగ్గిస్తుంది.

ఎంతవరకు మేలు?

పొగగొట్టం ఉన్న పొయ్యి ఆలోచన కొత్తది కాదు. 1950ల్లోనే హైదరాబాద్ ఇంజినీరింగ్ పరిశోధనశాలకు చెందిన ఎస్.పి. రాజు పొగలేని మట్టి పొయ్యిని రూపొందించారు. 1983లో మొదలైన జాతీయ మెరుగైన పొయ్యిల కార్యక్రమం మూడు కోట్లకు పైగా పొయ్యిలను పంచింది. అయితే మరమ్మతు, శుభ్రత లేక చాలాచోట్ల అవి మూలనపడ్డాయి.

గ్వాటెమాలా కొండ ప్రాంతంలో 534 కుటుంబాలతో జరిగిన అధ్యయనం మరో పాఠం చెప్పింది. సగం ఇళ్లలో పొగగొట్టం ఉన్న ఎత్తైన పొయ్యిలు కట్టించారు. ఆ ఇళ్ల పసిపిల్లలు పీల్చిన కార్బన్ మోనాక్సైడ్ సగటున సగానికి తగ్గింది. తీవ్రమైన న్యుమోనియా దాదాపు మూడో వంతు తగ్గింది. మొత్తం న్యుమోనియా కేసుల్లో మాత్రం స్పష్టమైన తగ్గుదల తేలలేదు. 2011లో వెలువడిన ఈ ఫలితాల అర్థం ఒకటే: పొగ సగం తగ్గితే సరిపోదు, ఇంకా బాగా తగ్గాలి. పైగా గొట్టంలోంచి పోయిన పొగ మాయం కాదు, వీధిలో కలుస్తుంది.

అందుకే రోజువారీ వంటకు గ్యాస్ లేదా కరెంటు పొయ్యే శ్రేయస్కరం. కట్టెలు తప్పని పనులకు గట్టు కట్టుకునేవారు ఇటుకల లెక్కతో పాటు పొగగొట్టాన్ని ఎవరు, ఎప్పుడు శుభ్రం చేయాలో కూడా ముందే అనుకోవాలి. మసి దులిపేందుకు గొట్టం అడుగున చిన్న తలుపు వదలడానికి ఒక ఇటుక తగ్గిస్తే చాలు.